చేస్తుండగా చూడనివ్వండి

పోస్టర్ మీద ఎవరి ఫొటో వేయాలనే దాని మీద మా కమిటీలో రాత్రి పదకొండు దాకా వాదన నడిచింది. మాది ఆరుబయట రెండు రోజులు జరిగే కళల పండుగ. వెనక పెద్ద సంస్థ ఏదీ లేదు, చుట్టుపక్కల వాళ్లమే కలిసి చేసుకుంటాం. ఆ ఏడాది సాయంత్రం కచేరీకి పేరున్న గాయకుడొకాయన ఒప్పుకున్నారు. ఆయన ఫొటో పోస్టర్ నిండా వేసి, అడుగున చిన్న అక్షరాల్లో ‘ఇంకా కుండల తయారీ, నేత, సుద్దబొమ్మలు’ అని వేద్దామన్నారు అందరూ. కుమ్మరి సారె మీద మట్టి పైకెత్తుతున్న పెద్దాయన చేతుల ఫొటో వేద్దామని నేనొక్కదాన్నే పట్టుబట్టాను. ఓడిపోయాను. ఆ ‘ఇంకా’ అనే మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

గాయకుడు వచ్చారు, బాగా పాడారు, జనం చప్పట్లు కొట్టారు. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ పండుగ అయిపోయాక నెల రోజుల పాటు జనం నన్ను ఆపి మరీ అడిగిన ప్రశ్నలు వేరు. “మూత కుండకు అంత సరిగ్గా పట్టేలా ఆయన ముందే ఎలా కొలుస్తాడండీ?” “ఆ సుద్దబొమ్మ వాన పడ్డాక ఏమైంది?” “మావాడు మగ్గం దగ్గర కూర్చుని లేవనే లేదు, వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారు?” పాట గురించి ఎవరూ ఏమీ అడగలేదు. నచ్చక కాదు. విన్నారు, ఆనందించారు, ఇంటికెళ్లారు, అక్కడికి అది అయిపోయింది. కుండ మాత్రం వాళ్ల మనసులో ఇంకా తిరుగుతూనే ఉంది.

అప్పటి నుంచి నేను ప్రతి సమావేశంలో చెబుతున్నది ఒకటే. జనం కలిసి చేసుకునే ఆరుబయటి కళల పండుగలో అసలు ఆకర్షణ కళాకారుడు మన కళ్ల ముందు పని చేస్తుండటమే. పోస్టర్‌లోనూ, మైదానంలోనూ, డబ్బు కేటాయింపులోనూ మొదటి చోటు పని చేస్తున్న చేతులకు ఇవ్వాలి. స్టేజీ ఉండొద్దని నేను అనడం లేదు. స్టేజీ తర్వాత రావాలి అంటున్నాను.

పూర్తయిన బొమ్మను చూడాలంటే గ్యాలరీయే మంచి చోటు. అక్కడ వెలుతురు చెప్పినట్టు వింటుంది, దుమ్ము ఉండదు, పక్కనెవరూ తోసుకోరు. ఆ సౌకర్యాల్లో ఒక్కటి కూడా మైదానంలో ఇవ్వలేం. ఎండకు రంగు వెలుస్తుంది, గాలికి కాన్వాస్ ఊగుతుంది. అయినా మనం ఏటేటా వరసగా టెంట్లు వేసి, పూర్తయిన వస్తువులు బల్లల మీద పేర్చి, దాన్నే పండుగ అంటున్నాం. గ్యాలరీకి సాధ్యం కానిది మైదానానికి ఒకటుంది: నిప్పు పెట్టుకోవచ్చు, పొగ రానివ్వచ్చు, రాతి పొడి ఎగరనివ్వచ్చు, నేలంతా తడి చేసుకోవచ్చు. పైగా కళ చూద్దామనే ఉద్దేశమే లేకుండా అటుగా వెళ్తున్న మనిషి కూడా ఆగి చూడొచ్చు. ఆరుబయటకు వచ్చి ఆ అవకాశాన్నే వాడుకోకపోతే ఇంత కష్టపడి బయటకు రావడం దేనికి?

రాకు అనే పద్ధతిలో కుండలు కాల్చడం చూసినవాళ్లకు నా మాట వెంటనే అర్థమవుతుంది. మామూలు బట్టీలో కాల్చిన పాత్రను పూర్తిగా చల్లారాక, ఒక్కోసారి మర్నాడు, బయటకు తీస్తారు. రాకులో అలా కాదు. దాదాపు 1000 డిగ్రీల వేడిలో ఎర్రగా మండుతున్న పాత్రను పొడవాటి పట్టకారుతో అప్పటికప్పుడే పట్టి బయటకు లాగుతారు. దాన్ని రంపపుపొట్టులోనో ఎండుటాకుల్లోనో పెట్టి మూత వేసేస్తారు. భగ్గున మంట లేస్తుంది, మూత పడగానే ఊపిరాడక పొగగా మారుతుంది. లోపల గాలి అందక మంట గాజుపూతలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. రాగి ఉన్న పూత లోహంలా మెరుస్తుంది, పూత లేని మట్టి నల్లబడుతుంది. మూత తీసేదాకా ఏ రంగు వచ్చిందో కుమ్మరికి కూడా తెలియదు. ఆ పది పదిహేను నిమిషాలు చుట్టూ నిలబడిన వందమంది ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎదురుచూడటం నేను చూశాను. పెద్ద స్టేజీ దగ్గర అంత నిశ్శబ్దం నాకెప్పుడూ కనబడలేదు.

ఈ పద్ధతి పుట్టిన కథ కూడా నా వాదనకు బలమే. రాకు మూలాలు జపాన్‌లో ఉన్నాయి, 16వ శతాబ్దంలో టీ తాగే గిన్నెల కోసం అక్కడ మొదలైంది. కానీ ఇలా పొగబెట్టే పద్ధతిని అమెరికాలో వ్యాప్తి చేసింది అక్కడి కుమ్మరి పాల్ సోల్డ్‌నర్. 1960లో కాలిఫోర్నియాలో ఒక చేతిపనుల సంతలో జనం ముందు చేసి చూపించమని ఆయన్ని పిలిచారు. పుస్తకంలో చదివిన జపాన్ పద్ధతిని అనుసరించి చిన్న బట్టీ కట్టి కాల్చారు. వచ్చిన పాత్రలు ఆయనకు నచ్చలేదు. అక్కడ రాలిపడి ఉన్న ఆకుల్లో వేడి పాత్రను దొర్లించి చూశారు. దాని నుంచే ఈ పొగ పద్ధతి ఎదిగింది. తన స్టూడియోలో ఒంటరిగా కూర్చుని ఉంటే ఆయన ఆకుల దాకా వెళ్లేవారా? నాకైతే అనుమానమే. చుట్టూ మనుషులు నిలబడి చూస్తున్నప్పుడు చేసే పనిలో ఒక తెగింపు ఉంటుంది. పండుగ అనేది ఉన్న కళను చూపించే చోటే కాదు, లేని కళ పుట్టే చోటు కూడా కాగలదని నేను నమ్మేది ఇలాంటి సంగతుల వల్లే.

సుద్దబొమ్మల సంగతి నాకు ఇంకా ఇష్టం. ఇటలీలో రోడ్ల మీద, గుళ్ల ముందు సుద్దతో మేరీమాత బొమ్మలు వేసుకుంటూ ఊరూరా తిరిగే చిత్రకారులు ఉండేవారు. వాళ్లను మడొన్నారీ అంటారు, మడొన్నా బొమ్మలు వేసేవాళ్లు అని. మాంటువా దగ్గర గ్రాత్సియె అనే చిన్న ఊళ్లో 1973 నుంచి ఆగస్టు 15న వచ్చే మేరీమాత పండుగకు వాళ్ల పోటీ జరుగుతోంది. చర్చి ముందున్న తారు నేలే కాన్వాస్. రాత్రంతా మోకాళ్ల మీద వేస్తూనే ఉంటారు. నాసాలో అంతరిక్ష చిత్రాలు గీసే ఉద్యోగం వదిలి ఇటలీ వెళ్లిన కర్ట్ వెన్నర్ ఈ సంప్రదాయంలోకి వచ్చి, నేల మీద గొయ్యి ఉన్నట్టు, అందులోంచి మనిషి పైకి లేస్తున్నట్టు భ్రమ కలిగించే బొమ్మలు మొదలుపెట్టారు. 1987లో అమెరికాలోని శాంటా బార్బరాలో పాత మిషన్ చర్చి ముందు ఇలాంటి పండుగే మొదలైంది. అక్కడ నేలను గళ్లుగా విభజిస్తారు. ఒక్కో గడికి ఒక్కో దాత డబ్బు కడతారు, ఆ డబ్బు పిల్లలకు కళలు నేర్పే కార్యక్రమానికి వెళ్తుంది. దాత పేరు గడి అంచున ఉంటుంది, బొమ్మ మాత్రం చిత్రకారుడిదే. స్పాన్సర్లు లేకుండా పండుగ ఎలా అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ గళ్ల లెక్క చెబుతాను. స్టేజీ వెనక పెద్ద బ్యానర్ మీద పేరు కంటే, ఒక మనిషి రెండు రోజులు మోకాళ్ల మీద నిలబడి వేసిన బొమ్మ పక్కన పేరుంటే దాతకూ గౌరవమే కదా.

మా దగ్గర సుద్దబొమ్మలు వేసినావిడ మొదటి రోజు ఉదయం ఏడింటికే వచ్చారు. ముందు నేలంతా చీపురుతో ఊడ్చారు, తర్వాత దారం పట్టుకుని గళ్లు కొట్టారు. తొమ్మిదింటికి నేను వెళ్లి చూస్తే బొమ్మ ఏమీ లేదు, గీతలే ఉన్నాయి. అయినా ఇద్దరు పిల్లలు అప్పటికే పక్కన చేరి ఉన్నారు. మధ్యాహ్నానికి ఒక కన్ను వచ్చింది. కన్ను రాగానే జనం ఆగడం మొదలైంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయి, ఓ గంట తర్వాత ‘ఎంతవరకు వచ్చిందో’ అని మళ్లీ రావడం నాకు బాగా నచ్చిన విషయం. మైదానంలో ఇంకే స్టాల్‌కూ జనం ఒకే రోజులో మూడుసార్లు తిరిగి రాలేదు. రెండో రోజు సాయంత్రం పూర్తయింది. రాత్రి వాన పడింది. మర్నాడు టెంట్లు విప్పడానికి వెళ్తే నీళ్లలో నీలం, ఎరుపు కలిసి కాలువలోకి పోతున్నాయి. ఆవిడకు ఫోన్ చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెబితే, “అది పోతుందనే కదమ్మా అంతమంది అంతసేపు నిలబడి చూసింది” అన్నారు.

ఇప్పుడు మైదానం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మేం చేసిన పెద్ద తప్పు అక్కడే ఉంది.

ఆ ఏడాది కుమ్మరి పెద్దాయన టెంటు స్టేజీకి ఎదురుగా, ఓ ముప్పై నలభై మీటర్ల దూరంలో పడింది. స్టేజీకి వచ్చే జనం అటూ ఇటూ చూస్తారు కాబట్టి ఆయనకూ లాభమని మేం అనుకున్నాం. మూడింటికి సౌండ్ చెక్ మొదలైంది. అంతే, ఆయన మాట ఎదురుగా కూర్చున్న పిల్లలకు కూడా వినబడలేదు. మట్టిని ఎందుకు అంతసేపు పిసకాలో, లోపల గాలి బుడగ ఉంటే కాల్చేటప్పుడు ఏమవుతుందో ఆయన చెబుతున్నారు, పిల్లలు ఆయన పెదాలు చూస్తున్నారు. పది నిమిషాలు చూసి తల్లిదండ్రులు వాళ్లను లేపి తీసుకెళ్లిపోయారు. ఆయన సారె ఆపి, చేతులు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. నేను వెళ్లి “పెద్దాయనా, ఇంకాస్త సేపు…” అంటుంటే, “పరవాలేదమ్మా, వాళ్ల పాట అయ్యాక చేస్తాను” అన్నారు. వాళ్ల పాట రాత్రి పదింటికి అయింది.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. లెక్క చూసుకోకపోవడం వల్ల జరిగింది. అడ్డేమీ లేని ఆరుబయట, మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్‌కు పది మీటర్ల దగ్గర 100 డెసిబెల్స్ ఉందనుకోండి. ఇరవై మీటర్ల దగ్గర 94, నలభై దగ్గర 88, ఎనభై దగ్గర 82 ఉంటుంది. మనిషి పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడే మాట 60 దగ్గర ఉంటుంది. అంటే నలభై మీటర్లు కాదు, నూట అరవై మీటర్లు పోయినా ఎదురుగా ఉన్నంతవరకు ఆ పెద్దాయన మాట మునిగిపోతుంది. దూరం ఒక్కటే చాలదు. స్పీకర్ల వెనక వైపు పాట స్పష్టత చాలావరకు తగ్గుతుంది, బాస్ మాత్రం అన్ని వైపులకూ పోతుంది. అందుకే పని చేసి చూపించే వాళ్లను స్టేజీ వెనక వైపు, మధ్యలో ఏదైనా భవనమో గోడో ఉంటే దాని అవతల పెట్టాలి. దానితో పాటు వేళలు కూడా విడదీయాలి. ఉదయం నుంచి సాయంత్రం దాకా స్టేజీ మైకు ఆపేసి, చీకటి పడ్డాక పాట మొదలుపెడితే ఇద్దరికీ చోటు దొరుకుతుంది. పగటి వెలుతురు చేతిపనికి ఎలాగూ కావాలి, పాటకు అక్కర్లేదు. ఇంత చిన్న విషయం గ్రహించడానికి మాకు రెండేళ్లు పట్టింది.

నా వాదనకు ఎదురుగా నిలబడే మాట ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఒక స్నేహితురాలు అడిగింది: “మనుషుల్ని కూర్చోబెట్టి, పని చేయించి, చుట్టూ నిలబడి చూడటం అంటే జంతు ప్రదర్శనశాలకూ దానికీ తేడా ఏముంది?”

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే చరిత్రలో సరిగ్గా అదే జరిగింది. 1886లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో సామ్రాజ్యపు ప్రదర్శన ఒకటి జరిగింది. అందులో భారతదేశపు చేతిపనివాళ్లు నేత నేస్తూ, కుండలు చేస్తూ జనానికి కనబడేలా కూర్చున్నారు. వాళ్లలో ముప్పై మందికి పైగా ఆగ్రా జైలు నుంచి తీసుకెళ్లినవాళ్లు. బక్షీరామ్ అనే కుమ్మరి వయసు 102 ఏళ్లని అప్పట్లో రాశారు. విక్టోరియా రాణి రుడాల్ఫ్ స్వోబోడా అనే చిత్రకారుడితో వాళ్లలో కొందరి బొమ్మలు వేయించుకుంది, బక్షీరామ్ బొమ్మ కూడా అందులో ఉంది. లక్షల మంది వాళ్ల చేతులు చూశారు. రావాలా వద్దా అనే మాట, ఎంత తీసుకోవాలి అనే మాట, ఎప్పుడు ఆపాలి అనే మాట ఆ చేతులవాళ్ల దగ్గర లేదు.

దాని పక్కన ఇంకోటి పెట్టి చూస్తాను. వాషింగ్టన్ నడిబొడ్డున ఉన్న పచ్చిక మైదానంలో మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ 1967 నుంచి జానపద కళల పండుగ చేస్తోంది. దాన్ని మొదలుపెట్టిన రాల్ఫ్ రిన్జ్‌లర్ లాంటి వాళ్లు మొదటి ఏడాదే చేతిపనివాళ్లను వస్తువులతో సరిపెట్టకుండా పనిముట్లతో సహా పిలిచారు, సంగీతకారులతో సమానంగా వాళ్లను మైదానంలో కూర్చోబెట్టారు. 1985లో అదే మైదానంలో డిజైనర్ రాజీవ్ సేఠీ ఆలోచనతో భారతీయ మేళా జరిగింది. పగటివేషాలు వేసే బహురూపులు, గారడీవాళ్లు, వీధి కళాకారులు అక్కడికి వెళ్లారు. వాళ్లలో చాలామంది బతుకుతెరువు సొంత దేశంలో చట్టం దృష్టిలో నేరంగా ఉన్న కాలం అది. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిషేధ చట్టం ఢిల్లీకి కూడా వర్తించేది. బహిరంగ స్థలంలో పాడి, ఆడి డబ్బు తీసుకోవడాన్ని కూడా ఆ చట్టం భిక్షాటన కిందే లెక్కగట్టింది. ఢిల్లీలో దాన్ని నేరంగా చూసే సెక్షన్లను హైకోర్టు కొట్టేసింది 2018లోనే. వీధిలో పోలీసు తరిమిన మనిషి ఇంకో దేశపు రాజధానిలో ప్రత్యేక ఆహ్వానితుడిగా నిలబడ్డాడు.

రెండు చోట్లా జనం చుట్టూ నిలబడి చూశారు. చూడటంలో తేడా లేదు. తేడా అంతా పిలిచిన తీరులో ఉంది. అందుకే మా స్నేహితురాలికి నేనిచ్చిన జవాబు ఇది: కళాకారుడి పేరు టెంటు మీద పెద్దగా రాయాలి. ‘కుమ్మరి’ అని రాసి వదిలేయకూడదు. ఎన్ని గంటలు చేస్తాడో ఆయనే చెప్పాలి. ప్రశ్నలకు జవాబు ఇవ్వాలనిపించకపోతే మానేసే హక్కు ఉండాలి. ఫొటో తీసుకునేవాళ్లు అడిగి తీసుకోవాలి. చేసి చూపించినందుకు విడిగా పారితోషికం ఇవ్వాలి, వస్తువులు అమ్ముకుంటాడు కదా అని దాన్ని ఎగ్గొట్టకూడదు. ఈ చివరి మాట దగ్గర మా కమిటీ ప్రతిసారీ గొణుగుతుంది. గాయకుడు క్యాసెట్లు అమ్ముకుంటాడు కాబట్టి పాడినందుకు డబ్బు అక్కర్లేదని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? చేసి చూపిస్తున్నంతసేపూ ఆ మనిషి అమ్ముకోలేడు. చేతుల నిండా మట్టి ఉంటుంది, కొనేవాళ్లు ధర అడిగి జవాబు రాక వెళ్లిపోతారు. ఆ నష్టం పండుగ భరించాలి. అలాగే ప్రతి టెంటుకూ ఒక వలంటీరును కేటాయించాలి. నీళ్లు తెచ్చిపెట్టడానికి, బాత్రూమ్‌కు వెళ్లినప్పుడు సామాను చూసుకోవడానికి, అమ్మకం సంగతి చూడటానికి. గాలికి టెంటు లేవకుండా ఒక్కో కాలికి కనీసం 18 కిలోల బరువు కట్టడం కూడా మన పనే, వాళ్ల పని కాదు.

రెండో అభ్యంతరం జనం సంఖ్య. “పేరున్నవాళ్లు లేకపోతే జనం రారు, జనం రాకపోతే స్పాన్సర్లు రారు.” కోశాధికారి ఈ మాట అన్నప్పుడల్లా ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది, లెక్కలు చూసుకోవాల్సింది ఆయనే కదా. కానీ ఎంతమంది వచ్చారన్నది మాత్రమే కొలిచిన పండుగ ఎటు పోతుందో చెప్పడానికి అమెరికాలోని బ్రెడ్ అండ్ పప్పెట్ బృందం కథ చాలు. పీటర్ షూమన్ 1963లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన బృందం అది. తర్వాత వెర్మాంట్ పల్లెల్లోకి వెళ్లి, కాగితపు గుజ్జుతో చేసిన రెండంతస్తుల ఎత్తు బొమ్మలను పచ్చిక బయళ్లలో ఆడించేవారు. ఆ బొమ్మలు మొయ్యడానికి చూడటానికి వచ్చినవాళ్లే చెయ్యి వేసేవారు. ఏటా వేసవిలో జరిగే ఆ పెద్ద ప్రదర్శనకు రానురాను పదుల వేల మంది రావడం మొదలైంది. 1998లో పక్కనున్న క్యాంపు మైదానంలో జరిగిన కొట్లాటలో ఒకతను చనిపోయాడు. షూమన్ ఆ పెద్ద పండుగను అంతటితో ఆపేశారు. బొమ్మలు ఆపలేదు. వేసవి వారాంతాల్లో చిన్న చిన్న ప్రదర్శనలుగా విడగొట్టి నడిపించారు. జనం బాగా వస్తున్న పండుగను ఆపడానికి ఎంత ధైర్యం కావాలో కమిటీలో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది.

పెద్ద ఆకర్షణలంటే నాకు కోపమని అనుకోవద్దు. 2006 మే నెలలో లండన్ నడివీధుల్లో నాలుగు రోజులు తిరిగిన యంత్రపు ఏనుగు గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన రాయల్ ద లూక్స్ బృందం చేసింది దాన్ని. చెక్కతో చేసిన ఆ ఏనుగు ఎత్తు సుమారు 11 మీటర్లు. దానితో పాటు నడిచిన పెద్ద బాలిక బొమ్మను తాళ్లతో ఆడించేవాళ్లు ఎక్కడా దాక్కోలేదు. ఎర్ర దుస్తులేసుకుని, అందరూ చూస్తుండగానే తాళ్లు పట్టుకుని పైనుంచి దూకేవారు, ఆ బరువుకు బాలిక కాలు లేచేది. ఎలా నడుస్తోందో పూర్తిగా కనబడుతూనే ఉంది, అయినా అది బొమ్మ అని ఎవరికీ అనిపించలేదు. అంత పెద్ద ఆకర్షణ కూడా చేస్తున్న చేతుల్ని చూపించింది. నేను అడుగుతున్నది అదే. గాయకుడినే పిలవండి, కానీ సాయంత్రం పాడేముందు మధ్యాహ్నం ఓ గంట చెట్టు కింద మైకు లేకుండా శిష్యులకు పాఠం చెప్పమనండి. చుట్టూ ఎవరైనా కూర్చోవచ్చని చెప్పండి. ఒక తాళం దగ్గర తప్పు జరిగి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడం జనం చూస్తే, సాయంత్రం అదే పాట వాళ్ల చెవులకు వేరుగా వినిపిస్తుంది.

ముఖ్య కళాకారులుగా ఎవరిని ఎంచుకోవాలన్న దాని మీద రెండు మాటలు. 1932లో, మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో, న్యూయార్క్ వాషింగ్టన్ స్క్వేర్ చుట్టుపక్కల పేవ్‌మెంట్ల మీద చిత్రకారులు తమ బొమ్మలు ఆనించి అమ్ముకున్నారు. అక్కడ బొమ్మలు పెట్టినవాళ్లలో ఆలిస్ నీల్ ఉంది. అప్పటికి ఆమె ఎవరికీ తెలియదు, పెద్ద గుర్తింపు రావడానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది. 1947లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు ఎనిమిది నాటక బృందాలు పిలవకుండానే వచ్చి, దొరికిన చోట నాటకాలు వేశాయి. ఫ్రింజ్ పేరుతో ఇవాళ నడుస్తున్నది వాళ్ల కొనసాగింపే, అసలు ఉత్సవం కంటే అదే ఎన్నో రెట్లు పెద్దది. ఎవరు ముఖ్యులో ముందే పోస్టర్ మీద తేల్చేసిన పండుగకు ఇలాంటివాళ్లు కనబడరు. కాబట్టి మైదానంలో కొన్ని చోట్లు పేరు రాయకుండా ఖాళీగా ఉంచండి. ఆ ఉదయం పనిముట్లు పట్టుకుని వచ్చినవాళ్లకు ఇవ్వండి. బెంగళూరులో చిత్రకళా పరిషత్తు రెండు దశాబ్దాలుగా చేస్తున్న చిత్రసంతెలో చిత్రకారులు రోడ్డు పక్కనే వరసగా కూర్చుంటారు, అడిగినవాళ్ల ముఖచిత్రాలు అక్కడికక్కడే గీసిస్తారు. తన ముఖం ఇంకొకరి చేతిలో తయారవుతుంటే కదలకుండా కూర్చున్న మనిషిని చూడండి ఒకసారి. చూడటానికి వచ్చినవాళ్లే బొమ్మలో భాగమైపోతారు.

పిల్లల గురించి కూడా చెప్పాలి. ‘పిల్లల మూల’ అని ఒక టెంటు వేసి, రంగు పెన్సిళ్లు పోసి, పెద్దవాళ్ల కళకు దూరంగా వాళ్లను కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ ఏడాది మగ్గం దగ్గర లేవకుండా కూర్చున్న పిల్లాడికి పిల్లల మూలలో చోటు ఉంది, వాడు వెళ్లలేదు. పడుగు దారాల మధ్య నుంచి అడ్డ దారాన్ని మోసుకుంటూ నాడె దూసుకుపోతున్నప్పుడల్లా వాడి తల అటూ ఇటూ తిరగడం నేను గమనించాను. నేతగాడు మధ్యలో ఒకసారి వాడి చేతిలో నాడె పెట్టి, “నువ్వు విసురు బాబూ, నేను పట్టుకుంటా” అన్నాడు. వాడు విసిరాడు, దారం తెగింది. నేతగాడు నవ్వి, తెగిన దారాన్ని ఎలా ముడేయాలో చూపించాడు. బట్టలో ఆ ముడి ఎక్కడుందో వాడు సాయంత్రం వాళ్లమ్మను తీసుకొచ్చి వేలుపెట్టి చూపించాడు.

ఈసారి మా సమావేశం వచ్చే వారం ఉంది. మైదానం పటం ఒకటి గీశాను. స్టేజీ పడమటి గట్టు దగ్గరకు పోయింది, స్పీకర్లు బయటి వైపుకు తిరిగాయి. మధ్యలో ఉన్న పాత గోడౌన్‌కు ఇవతల మగ్గం, సారె, సుద్దబొమ్మల నేల, చెక్క చెక్కేవాళ్లు. సాయంత్రం ఆరు దాకా మైకు లేదని పటం మీదే రాశాను. పోస్టర్ గురించి మళ్లీ వాదన జరుగుతుందని తెలుసు, ఈసారి నాతో ఇంకో ముగ్గురు ఉన్నారు.

నిన్న పెద్దాయనకు ఫోన్ చేసి, రమ్మని అడిగాను. వస్తానన్నారు. పారితోషికం గురించి, టెంటు గురించి చెబుతుంటే విని, చివర్లో ఒక్కటే అడిగారు: “మధ్యాహ్నం ఎండ ఎటు నుంచి పడుతుందమ్మా అక్కడ? ఎడమ వైపు నుంచి పడితే కుండ అంచు నాకు కనబడదు.” నాకు తెలియదు. పటంలో అది లేదు. రేపు మూడింటికి మైదానానికి వెళ్లి, ఆయన కూర్చునే చోట కుర్చీ వేసుకుని చూసి చెబుతానన్నాను.